గొలుసు పట్టినవాడు

నా పని పది గజాలు కొలవడం.
ఇరవై రెండేళ్ళుగా ఆదివారాలు
నారింజ రంగు కర్ర ఒకటి పట్టుకుని
సరస్సు గాలికి ఎదురుగా నిలబడతాను.
మిగతా రోజుల్లో ఇళ్ళకి వెళ్ళి ఫర్నేసులు బాగుచేస్తాను.
గొలుసు పట్టినవాడు చప్పట్లు కొట్టకూడదు,
అయ్యో అనకూడదు. అది నియమం.
నోరు కట్టుకుని చూసేవాడికి
కాస్త ఎక్కువే కనబడుతుంది.

హోల్డెన్ ప్రూయిట్‌ని నేనెప్పుడూ
మైదానం అవతలి గట్టునుంచే చూశాను.
యాభై మూడు గజాలు, పంతొమ్మిది సీజన్లు.
మూడో ఏట కప్పు తెచ్చాడు.
ఆ రాత్రి వంతెన మీద ముక్కూ మొహం తెలియని ముసలాయన
నన్ను కావలించుకుని ఏడ్చాడు.
తర్వాత తొమ్మిది గెలుపులు, ఏడు ఓటములు.
పది, ఆరు. మళ్ళీ తొమ్మిది, ఏడు.
ఆట ఒకటి పెంచాక తొమ్మిది, ఎనిమిది.
మునిగిందీ లేదు, ఒడ్డెక్కిందీ లేదు.

ఈ వారం వాండా కుచార్‌స్కీ బార్‌లో
బల్ల మీద రెండు ఖాళీ జాడీలు పెట్టారు.
ఒకదాని మీద ‘ఉండాలి’, ఇంకోదాని మీద ‘పోవాలి’.
బీరు మూతే ఓటు.
“కొత్త నీరు రావాలంటే పాత నీరు పోవాలి,”
గ్లాసు తుడుస్తూ అంటుంది వాండా,
“చెడ్డవాడైతే ఎప్పుడో పంపేసేవాళ్ళం.
ఈ ఫర్వాలేదుతనమే మనల్ని తినేసింది.”
ఉత్తరాలు పంచే ఎమ్మెట్ ఊరుకోడు:
“నది దిగువ ఊరివాళ్ళని చూడు,
ఈ పంతొమ్మిదేళ్ళలో ఏడుగురిని మార్చారు.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.
వాళ్ళ పిల్లలకి గెలుపంటే తాతలు చెప్పే కథ.”
ఇద్దరిదీ నిజమే.
అందుకే గొంతులు లేస్తాయి.

ఆయన చేతికింద పనిచేసిన నలుగురు
వేరే ఊళ్ళలో పెద్ద కోచ్‌లయ్యారు,
అందులో ఇద్దరు వచ్చి ఈయన్నే ఓడించి వెళ్ళారు.
మోకాలు పోయి ఆట మానేసిన టెవిన్,
వాళ్ళమ్మ పోయినప్పుడు చర్చిలో
చివరి వరుసలో ప్రూయిట్ కూర్చున్నాడట.
దాన్ని ఏ పట్టికలో ఎక్కిస్తారు?
ఎక్కించక్కర్లేదేమో కూడా.
మంచివాడిగా ఉండమని కాదుగా జీతం,
గెలవమని.

మొన్న ఆదివారం నాలుగో ప్రయత్నం, గజం దూరం.
మైదానం నడిమధ్య, ఇంకా నాలుగు నిమిషాలు.
డెబ్బై వేల గొంతులు వెళ్ళు వెళ్ళు అన్నాయి.
ఆయన బంతిని తన్నించాడు.
పదేళ్ళ కిందటైతే నిబ్బరం అనేవాళ్ళం.
ఇప్పుడు భయం అంటున్నాం.
మారింది ఆయనా, మా మాటా
అని ఎమ్మెట్ అడిగాడు.
భయమే ఎమ్మెట్.
నేను ఎదురుగా ఉన్నాను, ఆ భుజాలు చూశాను.

కానీ ఇంకో సంగతుంది, ఎవరికీ చెప్పనిది.
ఎనిమిదేళ్ళ కిందట, జనవరి, ప్లేఆఫ్.
వేళ్ళు చలికి కొయ్యబారిపోయాయి.
గొలుసుకి క్లిప్పు పెట్టేటప్పుడు
రెండు లంకెలు తప్పాను.
లాగి కొలిస్తే బంతి బెత్తెడు తక్కువైంది.
స్టేడియం మొత్తంలో ప్రూయిట్ ఒక్కడే
తల అడ్డంగా ఊపాడు,
నేరుగా నా వైపు చూశాడు,
తర్వాత టోపీ సర్దుకుని
డిఫెన్సుని లోపలికి పంపాడు.
విలేకరులు గుచ్చి అడిగితే
“కొలత కొలతే” అన్నాడట.
ప్లేఆఫ్‌లో గెలవక ఎన్నేళ్ళయిందో
రేడియోవాళ్ళు రోజూ లెక్క చెబుతారు.
ఆ లెక్క మొదలయ్యేది అక్కడే, ఆ బెత్తెడు దగ్గర.
అది ఆయన ఖాతాలో ఉంది.
నా ఖాతా అంటూ ఎక్కడా లేదు.

జాకెట్ జేబులో బీరు మూత ఉంది.
వాండా రెండుసార్లు అడిగింది, ఏ జాడీ అని.
బయట మంచు పార చప్పుడు.
మూత అంచు పళ్ళు బొటనవేలికి గుచ్చుకుంటున్నాయి.
ఇరవై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఒకటే.